ఆ ఎరుపు ఎవరు వేశారు?

టెక్స్ట్ ఎడిటర్‌లో ఒక డిస్‌ప్లే సదుపాయాన్ని ఆపేశాక కూడా దాని గుర్తులు తెరమీద ఉండిపోతే, మన దగ్గర దొరికే సలహాలు ఎప్పుడూ అవే. మూసి తెరువు. సిస్టమ్ రీస్టార్ట్ చెయ్యి. అప్పటికీ పోకపోతే తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యి. ఈ సలహాలు చెడ్డవని నా గట్టి నమ్మకం. తెరమీద మిగిలిన ప్రతి గుర్తునూ ఎవరో ఒకరు గీస్తూనే ఉంటారు. ఆ గీసేదెవరో కనుక్కోకుండా చెరిపెయ్యాలని చూస్తే చాలాసార్లు గుర్తు పోదు, దాని కింద ఉన్న అక్షరాలు పోతాయి. తెలుగు పుస్తకాల పాఠం సరిచూసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ నష్టం ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తున్నాను.

మా నాన్నగారి స్నేహితులొకరు విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటారు. నేను బాబాయ్ గారు అంటాను. స్టీల్‌ప్లాంట్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. 1971లో శంకుస్థాపన జరిగిన ఆ ఫ్యాక్టరీ 1992లో జాతికి అంకితమయ్యేదాకా మధ్యలో గడిచిన ఏళ్ళ గురించి ఒక పుస్తకం రాస్తున్నారు. గోదావరి అని పేరు పెట్టుకున్న మొదటి బ్లాస్ట్‌ఫర్నేస్ కట్టిన రోజులు, ఉక్కునగరం టౌన్‌షిప్‌లో తొలి కాపురాలు, వీటన్నిటికీ ముందు ఆ ఫ్యాక్టరీ కోసం జరిగిన 1966 ఉద్యమంలో ఊళ్ళో కుర్రాళ్ళు కట్టుకుని పాడిన పాటలు, అన్నీ అందులో వస్తాయి. ఆయన రాసేది ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో. ఉద్యోగం రోజుల్లో యూనిక్స్ మెషీన్ మీద చేతికి పట్టుబడిన అలవాటు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ ఇన్‌పుట్ పద్ధతులు దాంట్లోనే ఉన్నాయి. 2020లో వచ్చిన 27వ వెర్షన్‌తో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ కూడా చేరింది, ఒత్తులూ గుణింతాలూ కుదురుగా కూర్చుంటున్నాయి. ఇంకో ఎడిటర్‌కి మారాల్సిన అవసరం ఆయనకి కనబడలేదు. రాసేది మార్క్‌డౌన్‌లో, అంటే మామూలు టెక్స్ట్‌లోనే చిన్న చిన్న గుర్తులతో పేజీ రూపం సూచించే పద్ధతిలో. దాన్ని పుస్తకం పేజీలుగా మార్చే పని బెంగళూరులో ఉన్న వాళ్ళబ్బాయి చూసుకుంటాడు.

పాత టైపు కాగితాలు కొన్ని స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చేయించారు. అలా వచ్చిన పాఠంలో వరసల చివర అక్కర్లేని ఖాళీలు బోలెడు. వాటిని చూసుకోవడానికి, ఖాళీలను గుర్తులతో చూపించే వైట్‌స్పేస్-మోడ్ పెట్టుకున్నారు. చూడటం అయ్యాక తీసేశారు. ఖాళీల చోట కనబడిన చుక్కలు పోయాయి. వరస చివర డాలరు గుర్తులు పోయాయి. ఎర్రటి మచ్చలు మాత్రం వరసల చివర అలాగే నిలబడ్డాయి.

“ఏటమ్మా ఇది? ఆపేసేను కదా, మరి పోదేటి? కర్సరు అక్కడికెళ్తే మాయమైపోతాది, పక్కకొస్తే మళ్ళీ వచ్చేస్తాది” అన్నారు ఫోన్లో. కంట్లో శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు. తెల్లటి తెరమీద ఆ ఎరుపు చూసి చూసి కళ్ళు లాగేస్తున్నాయని బాధపడ్డారు.

అప్పటికే వాళ్ళబ్బాయి ఒక సలహా చెప్పి ఉన్నాడు: “తీసేసి మళ్ళీ వేసుకోండి నాన్నా, పోతుంది.” తండ్రి మీద ప్రేమతో చెప్పిన మాటే. కానీ ఈమాక్స్‌ని తీసేసి మళ్ళీ వేస్తే ఏమవుతుంది? ప్రోగ్రామ్ ఫైళ్ళు మారతాయి. మన ఇష్టాయిష్టాలు ఉండే ఇనిట్ ఫైలు మన హోమ్ ఫోల్డర్లో ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. వేరే ఎడిటర్లయిన విమ్‌లోనూ అంతే, వీఎస్ కోడ్‌లోనూ మామూలుగా అంతే. గంటసేపు కష్టపడి కొత్తగా వేసుకున్న ఎడిటర్ పాత ఇనిట్ ఫైలునే చదువుకుని, పాత మచ్చనే మళ్ళీ గీస్తుంది. అప్పుడు మనిషికి వచ్చే అనుమానం మరీ ఘోరం: ఫైలే పాడైందేమో అనుకుంటాడు. అక్కడినుంచి ఫైలు మీద పడతాడు.

నేను వెళ్ళి చూసేసరికి ఆయన చెప్పినట్టే ఉంది. కర్సర్ వరస చివరికి వెళ్తే ఆ వరసలో ఎరుపు పోతోంది. ఇది ఎడిటర్ పాడైన లక్షణంలా కనబడుతుంది గానీ, ఈమాక్స్ మాన్యువల్లో రాసి ఉన్న ప్రవర్తనే. మనం టైపు చేస్తున్నప్పుడు ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య కొట్టే ఖాళీ కూడా ఆ క్షణానికి వరస చివరి ఖాళీయే. కొట్టిన ప్రతిసారీ ఎర్రగా మెరిస్తే రాయలేం. అందుకని కర్సర్ చివర ఉన్న వరసని వదిలేస్తారు. కాబట్టి ఈ ఎరుపు ఎక్కడో తుడవడం మర్చిపోయిన పాత రంగు అయ్యుండదు. పాత రంగైతే కర్సర్‌ని గమనించదు. ఎవరో ఇప్పటికీ, ప్రతి కదలికకీ, ఆలోచించి గీస్తున్నారు.

ఎవరు గీస్తున్నారో ఆ మచ్చనే అడగొచ్చు. కర్సర్‌ని ఎర్రటి ఖాళీ మీద పెట్టి కంట్రోల్-యు, కంట్రోల్-ఎక్స్, ఆ తర్వాత ఈక్వల్ గుర్తు కొడితే ఈమాక్స్ ఆ ఒక్క అక్షరం గురించి తనకి తెలిసినదంతా ఇంకో విండోలో పరుస్తుంది. యూనికోడ్ సంఖ్య, ఏ ఫాంటుతో గీస్తోంది, దానికి అంటించిన టెక్స్ట్ ప్రాపర్టీలు ఏవి, దాని మీద పరిచిన పొరలు (ఓవర్‌లేలు) ఏవి, అన్నీ. ఆయన మచ్చ మీద ప్రాపర్టీ ఏదీ లేదు, ఓవర్‌లే లేదు. ఉన్నదల్లా ఒక వరస: హార్డ్‌కోడెడ్ ఫేస్, ట్రెయిలింగ్-వైట్‌స్పేస్. ఫేస్ అంటే అక్షరానికి వేసే రంగూ రూపం, హార్డ్‌కోడెడ్ అంటే ప్రోగ్రామ్ లోపలే రాసిపెట్టింది.

మొత్తం సంగతి ఆ ఒక్క వరసలో ఉంది. వైట్‌స్పేస్-మోడ్ వరస చివరి ఖాళీలకి వేసే ఫేస్ పేరు వైట్‌స్పేస్-ట్రెయిలింగ్. తెరమీద ఉన్నది ట్రెయిలింగ్-వైట్‌స్పేస్. అవే రెండు పదాలు అటూ ఇటూ అయ్యాయి. మామూలుగా రెండూ ఎర్రటి మచ్చగానే కనబడతాయి. కానీ ఆ రెండింటికీ చుట్టరికం లేదు. మొదటిది లిస్ప్ భాషలో రాసిన ఒక మైనర్ మోడ్, అంటే కావాలంటే పెట్టుకుని వద్దంటే తీసేసే సదుపాయం. చుక్కల కోసం డిస్‌ప్లే టేబుల్నీ, రంగుల కోసం ఫాంట్-లాక్‌నీ వాడుకుంటుంది. రెండోది తెరని గీసే సీ కోడ్ లోపలే ఉంది. దాన్ని నడిపేది షో-ట్రెయిలింగ్-వైట్‌స్పేస్ అనే వేరియబుల్, అంటే ఒక సెట్టింగు. మోడ్‌ని ఆపితే ఈ వేరియబుల్‌కి కబురు వెళ్ళదు, వెళ్ళాలని ఎవరూ రాయలేదు.

బాబాయ్ గారి ఇనిట్ ఫైల్లో ఆ వేరియబుల్ వెలిగించి ఉంది. ఎప్పుడో ఆఫీసులో ఒక స్నేహితుడు ఇచ్చిన ఫైలట, మెషీన్ మారినప్పుడల్లా వెంట తెచ్చుకున్నారు. అన్నేళ్ళూ కనబడలేదా అంటే, చేత్తో టైపు చేసేవాళ్ళకి వరస చివర ఖాళీలు అంతగా పడవు. ఓసీఆర్ పాఠం వచ్చాకే మచ్చలు గుంపుగా బయటపడ్డాయి. సరిగ్గా అప్పుడే ఆయన వైట్‌స్పేస్-మోడ్ కూడా పెట్టారు. అందుకే రెండూ ఒకటే అనిపించింది. ఒకే వాకిట్లో తోడికోడళ్ళిద్దరు ఒకరి ముగ్గు మీద ఇంకొకరు ముగ్గేస్తే పైనున్నదే కంటికి కనబడుతుంది. పెద్దావిడ తన ముగ్గు తుడుచుకుని వెళ్ళిపోయాక కింద మిగిలింది చిన్నావిడది. పెద్దావిడ సరిగ్గా తుడవలేదని అనడం అన్యాయం.

ఈ సంగతి మీద నాకు పట్టుదల ఉంది. ఆపేసినా పోలేదు అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి, ఆపేసిన సదుపాయంలో తప్పుండదు. అది తన వాటా తను తుడుచుకునే వెళ్తుంది. దాన్ని తిట్టుకుంటూ పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చేస్తే పదిసార్లూ నిజమే చెబుతుంది, మనమే వినిపించుకోం.

ఇంకో పరీక్ష కూడా చేశాం. ఈమాక్స్‌ని మైనస్ క్యూ తో తెరిస్తే ఇనిట్ ఫైలు చదవకుండా పుట్టినప్పటి రూపంలో లేస్తుంది. అలా తెరిచి అదే అధ్యాయం చూశాం. ఎరుపు పూర్తిగా పోయింది. కానీ కొన్ని మాటల మధ్య, కింద గీతతో వేరే రంగులో చిన్న చిన్న గుర్తులు మిగిలాయి. వాటిని అప్పటిదాకా మేం ఎరుపు హడావుడిలో వేరుగా లెక్కపెట్టలేదు. ఒకదాని మీద కర్సర్ పెట్టి అదే ప్రశ్న అడిగాం. ఈసారి జవాబు నోబ్రేక్-స్పేస్. అక్షరం యూనికోడ్ 00ఏ0. మామూలు ఖాళీ కాదు, వరస అక్కడ విరగకూడదని చెప్పే ఖాళీ. వర్డ్ ఫైళ్ళ నుంచి కాపీ చేసి అతికించిన పేరాల్లో వచ్చి చేరింది. దాన్ని వేరుగా చూపించే నోబ్రేక్-చార్-డిస్‌ప్లే ఈమాక్స్‌లో మొదటినుంచే వెలిగి ఉంటుంది, ఎవరూ పెట్టనక్కర్లేదు. అంటే తెరమీద మిగిలినవి రెండు రకాలు, రెండు పుట్టుకలు: ఒకటి ఆయన ఫైలు తెచ్చింది, ఒకటి ఎడిటర్‌తో పుట్టింది. రీస్టార్ట్ చేసి ఉంటే ఈ తేడా ఎప్పటికీ తెలిసేది కాదు. మైనస్ క్యూ కూడా ఒకరకం రీస్టార్టే కదా అంటారేమో. కానీ అది ఒక్క ప్రశ్న కోసం చేసేది: ఇది నా ఫైలు వల్లా, ఎడిటర్ వల్లా? ప్రశ్న లేకుండా మూసి తెరిస్తే జవాబూ ఉండదు.

మిగతా కారణాలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అవి తేలిక. ఆపింది ఒక్కచోటే కావచ్చు. వైట్‌స్పేస్-మోడ్‌ని తీసేసినప్పుడు కింద వచ్చే సందేశంలోనే ‘ఈ బఫర్‌లో’ అని ఉంటుంది, అంటే తెరిచి ఉన్న ఈ ఒక్క పాఠంలో. మిగతా బఫర్ల సంగతి అది చెప్పలేదు. గ్లోబల్-వైట్‌స్పేస్-మోడ్ వేరే స్విచ్. విమ్‌లో లిస్ట్ అనే ఆప్షన్ విండోకి విండోకి వేరు. తెరని రెండుగా చీల్చుకుని ఒక విండోలో ఆపితే పక్క విండోలో గుర్తులు అలాగే ఉంటాయి. వెతికిన మాట మీద పసుపు రంగు పోవడానికి నోహెచ్ అని కొడతారు. అది తర్వాతి వెతుకులాట దాకానే. ఎన్ నొక్కగానే రంగు తిరిగొస్తుంది. ఎప్పటికీ వద్దనుకుంటే హెచ్ఎల్‌సెర్చ్ ఆప్షన్నే ఆపాలి. సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్ళి టెర్మినల్లో పనిచేస్తున్నప్పుడు నిజంగానే పాత బొమ్మ మిగిలిపోవడం ఉంది. కంట్రోల్-ఎల్ కొడితే తెర మొత్తం మళ్ళీ గీస్తుంది, పోతుంది. దానితో పోనిది మాత్రం మిగిలిపోయిన బొమ్మ కాదు, ఇప్పుడు గీస్తున్నది.

వీఎస్ కోడ్ విషయంలో కొంచెం ఆగాలి. చాలామంది తడబడేది ఇక్కడే. అన్నిచోట్లా వర్తించే యూజర్ సెట్టింగ్ కంటే ఒక ప్రాజెక్టుకే వర్తించే వర్క్‌స్పేస్ సెట్టింగ్‌ది పైచెయ్యి అని అందరూ నేర్చుకుంటారు, అది నిజమే. కానీ ఒక భాషకి (మార్క్‌డౌన్ లాంటి ఒక ఫైలు రకానికి) విడిగా రాసిన సెట్టింగ్ మామూలు సెట్టింగ్‌ని ఎప్పుడూ దాటేస్తుంది. మామూలు సెట్టింగ్ వర్క్‌స్పేస్‌లో ఉన్నా, భాషకి రాసింది పై స్థాయిలో యూజర్ ఫైల్లో ఉన్నా సరే. మార్క్‌డౌన్‌కి అని ఎప్పుడో విడిగా ఒకటి వెలిగించి మర్చిపోతే, వర్క్‌స్పేస్‌లో ఎన్నిసార్లు ఆపినా మార్క్‌డౌన్ ఫైళ్ళలో గుర్తు కనబడుతూనే ఉంటుంది. సెట్టింగుల పేజీలో వెతికే చోట ‘ఎట్ మాడిఫైడ్’ అని కొడితే మనం మార్చినవన్నీ ఒకచోట కనబడతాయి. తీసేసి మళ్ళీ వెయ్యడం కంటే ఇది ఎంతో తక్కువ పని.

ఇప్పుడు నష్టం సంగతి. ఇదంతా రాయడానికి అసలు కారణం ఇదే.

నేను రాకముందు బాబాయ్ గారు కొన్ని అధ్యాయాలు ఊళ్ళోనే ఒక డీటీపీ సెంటర్లో ఇచ్చారు. అక్కడ ఫైలు తెరిచిన ఎడిటర్లో కంటికి కనబడని అక్షరాల చుట్టూ పెట్టెలు గీసే సదుపాయం ఉంది. ఆ సదుపాయం పుట్టడానికి మంచి కారణమే ఉంది. కనబడని యూనికోడ్ అక్షరాలతో ప్రోగ్రామ్ కోడ్‌లో మోసాన్ని దాచవచ్చని 2021 నవంబరులో కేంబ్రిడ్జి పరిశోధకులు ట్రోజన్ సోర్స్ పేరుతో చూపించారు. ఆ రోజుల్లోనే ఎడిటర్లు ఇలాంటి అక్షరాలను పట్టి చూపడం మొదలుపెట్టాయి. కోడ్ రాసేవాళ్ళకి అది రక్షణ. తెలుగు రాసేవాళ్ళకి అందులో ఒక అక్షరం ప్రాణం: యూనికోడ్ 200సి, జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత ఇది పడితే పక్క హల్లు ఒత్తుగా మారకుండా ఆగుతుంది. ‘టౌన్‌షిప్’ అని రాయగలిగేది దీనివల్ల. ఇది లేకపోతే ‘టౌన్షిప్’ అవుతుంది.

డీటీపీ అబ్బాయి పెట్టెలు పోవడానికి సదుపాయాన్ని ఆపబోయాడు, పోలేదు. ఎక్కడో ఇంకో స్థాయిలో వెలిగి ఉండాలి. అప్పుడు అతను అక్షరాన్నే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో మొత్తం తీసేశాడు. పెట్టెలు పోయాయి, తెర శుభ్రమైంది. ‘స్టీల్‌ప్లాంట్’ అన్నచోటల్లా ‘స్టీల్ప్లాంట్’ వచ్చింది. ‘బ్లాస్ట్‌ఫర్నేస్’ ‘బ్లాస్ట్ఫర్నేస్’ అయింది. ‘రోలింగ్‌మిల్లు’ ‘రోలింగ్మిల్లు’ అయింది. ఆ ప్రతి మీదే బాబాయ్ గారు చాలా దిద్దుబాట్లు చేసేశారు కాబట్టి వెనక్కి వెళ్ళే దారీ లేదు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. గుర్తు పోవాలి అన్నది ఒక్కటే అతని ముందున్న పని. ఆ గుర్తు ఎవరు వేశారు, దేని గురించి వేశారు అని ఎవరూ అతనికి అడగడం నేర్పలేదు. నేర్పవలసిన మనం రీస్టార్ట్ నేర్పాం.

ఎర్ర మచ్చల విషయంలోనూ ఇదే ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది. డిలీట్-ట్రెయిలింగ్-వైట్‌స్పేస్ అనే ఆదేశం ఒకటుంది. అది కొడితే వరస చివరి ఖాళీలన్నీ పోతాయి, ఖాళీలు లేకపోతే ఎరుపూ ఉండదు. ప్రోగ్రామర్లు రోజూ చేసే పనే. కానీ మార్క్‌డౌన్‌లో వరస చివర రెండు ఖాళీలు ఉంటే అక్కడ వరస విరగాలని అర్థం. 1966 నాటి పాటలను బాబాయ్ గారు పాదం పాదం అలాగే విరిచి రాసుకున్నారు. ఆ ఖాళీలు తీసేస్తే పాట మొత్తం వచనంలా ఒకే పేరాగా అల్లుకుపోతుంది. ఓసీఆర్ తెచ్చిన చెత్త ఖాళీలూ, ఆయన కావాలని పెట్టుకున్న ఖాళీలూ, రెండింటి మీదా ఒకటే ఎరుపు. ఆ తేడా తెలిసింది ఆయనకొక్కరికే.

రుషికొండ ఐటీ కంపెనీల్లో ఒకదాంట్లో పనిచేసే స్నేహితురాలికి ఇదంతా చెబితే, “అందరికీ ఇంత ఓపిక ఉంటుందా? డెడ్‌లైన్ నెత్తిమీద ఉన్నప్పుడు ఎవరు అడుగుతారే ఆ మచ్చని?” అంది. న్యాయమైన ప్రశ్నే. ఓపిక లేనివాళ్ళకోసమే అడగడం తేలిక కావాలి అంటాను నేను. మూడు మీటలు కొడితే ఈమాక్స్ చెప్పింది కాబట్టే మాకు తెలిసింది. విమ్‌లో వర్బోస్ సెట్ లిస్ట్ అని, చివర ప్రశ్నార్థకం పెట్టి అడిగితే ఆ ఆప్షన్‌ని చివరిసారి ఏ ఫైల్లో ఏ వరసలో మార్చారో చెబుతుంది. వీఎస్ కోడ్ అనుమానాస్పద అక్షరం మీద మౌస్ పెడితే అదేం అక్షరమో చెప్పి, సెట్టింగు మార్చుకునే దారి కూడా అక్కడే చూపిస్తుంది. ఇవి మంచి పద్ధతులు, కానీ ఒక్కో చోట ఒక్కో రకంగా, ఒక్కో గుర్తుకి మాత్రమే ఉన్నాయి. ఎడిటర్ తెరమీద అక్షరం కానిది ఏది గీసినా, చుక్క గానీ గీత గానీ రంగు గానీ పెట్టె గానీ, దాని మీద నొక్కితే తనని గీసినవారి పేరు, ఆపే చోటు చెప్పాలి. ప్లగిన్ గీసినా సరే, లోపలి సీ కోడ్ గీసినా సరే. హార్డ్‌కోడెడ్ అని నిజం ఒప్పుకుని పేరు చెప్పిన ఈమాక్స్ వరస నాకు అందుకే అంత నచ్చింది.

రెండో కోరిక ఆపే ఆదేశం గురించి. ఒక మోడ్‌ని ఆపినప్పుడు, అదే రకం గుర్తుని ఇంకొకరు గీస్తూ ఉంటే ఆ సందేశంలో ఒక్క మాట చేర్చవచ్చు: వరస చివరి ఖాళీలను ఫలానా వేరియబుల్ ఇంకా చూపిస్తోంది అని. వైట్‌స్పేస్-మోడ్‌కి షో-ట్రెయిలింగ్-వైట్‌స్పేస్ అనేది ఒకటుందని తెలియడం కష్టమేం కాదు. ఎవరి పని వారిది అని ఊరుకోవడం ప్రోగ్రామ్ నిర్మాణానికి మంచిదే. కూర్చుని పుస్తకం రాసుకునే మనిషికి మాత్రం ఉన్నది ఒకటే తెర.

బాబాయ్ గారి తెరమీద ఇప్పుడు ఎరుపు లేదు. ఈమాక్స్ సెట్టింగులు మార్చుకునే కస్టమైజ్‌లోకి వెళ్ళి ఆ వేరియబుల్‌ని ఆపి సేవ్ చేశారు, నేను పక్కన కూర్చున్నానంతే. నోబ్రేక్ గుర్తులను మాత్రం ఉండనిచ్చారు. వర్డ్ నుంచి వచ్చిన పేరాలు ఎక్కడెక్కడున్నాయో అవే చూపిస్తున్నాయి. మిగిలింది పోయిన 200సి అక్షరాలను తిరిగి పెట్టడం. ‘ల్ప’ కనబడిన ప్రతిచోటా పెట్టేస్తామంటే కుదరదు, ‘కల్పన’ ‘కల్‌పన’ అయిపోతుంది, ‘శిల్పం’ పాడవుతుంది. అందుకని పుస్తకంలో వచ్చే ఇంగ్లీషు మాటలన్నీ ఏరి ఒక జాబితా రాస్తున్నారు, ఒక్కో మాటనీ వెతికి, చూసి, మార్చాలి. ‘టౌన్షిప్’తో మొదలుపెట్టాం.